టైరు కొనేముందు రిమ్ చూడండి

పద్నాలుగేళ్లుగా పంక్చర్లు వేస్తున్నాను. ట్యూబ్ టైరు మంచిదా, ట్యూబ్‌లెస్ మంచిదా అని ఎవరు అడిగినా, ముందు రిమ్, అంటే టైరు కూర్చునే లోహపు వలయం, చూడమంటాను. స్పోకుల చక్రమైతే ఒక్కో స్పోకు దగ్గర రిమ్‌కి ఒక్కో రంధ్రం ఉంటుంది. గాలి ఆగదు కాబట్టి మామూలుగా ట్యూబ్ తప్పదు. స్పోకులు లేకుండా ఒకే ముక్కగా పోతపోసిన అలాయ్ వీల్‌కి ఆ రంధ్రాలుండవు. టైరు అంచే రిమ్‌ని గట్టిగా పట్టుకుని గాలిని ఆపుతుంది. టైరు పక్క గోడ మీద టీటీ అని ఉంటే ట్యూబ్‌ది, టీఎల్ అని ఉంటే ట్యూబ్‌లెస్.

అసలు తేడా మేకు దిగినప్పుడు తెలుస్తుంది. ట్యూబ్‌కి చిల్లు పడితే వాల్వ్ సందులోంచి, స్పోకు రంధ్రాల్లోంచి గాలి ఒక్కసారిగా పోతుంది. వేగంగా వెళ్తుంటే బండి అదుపు తప్పుతుంది. నాకు భయమంతా అక్కడే. ట్యూబ్‌లెస్‌లో దిగిన మేకు చుట్టూ రబ్బరు బిగుసుకుంటుంది, గాలి మెల్లగా తగ్గుతుంది. ఒకాయన గాలి కొట్టించుకోవడానికి వస్తే వెనక టైరులో మేకు కనిపించింది. ఎప్పుడు దిగిందో ఆయనకే తెలియదు. అందుకే దారిలో మేకు కనిపిస్తే పీకకండి. గాలి నింపుకుని, నెమ్మదిగా షాపు దాకా రండి.

అలాగని గాలి పూర్తిగా పోయాక మాత్రం నడపొద్దు. పక్క గోడ నలిగి లోపల రబ్బరు పొడిపొడిగా రాలుతుంది. ఆ టైరు ఇక పనికిరాదు. పక్క గోడకి చిల్లు పడినా, నేలను తాకే భాగంలో చిల్లు 6 మిల్లీమీటర్లు దాటినా నేను ప్లగ్, అంటే చిల్లులో దూర్చే రబ్బరు ముక్క, వేయను, ఎంత బతిమాలినా సరే.

ట్యూబ్ టైరుకి ప్యాచ్ వేయించేటప్పుడు పక్కనే నిలబడండి. మళ్లీ ఎక్కించేముందు టైరు లోపలంతా గుడ్డతో తడిమి చూడమనండి. లోపల ముల్లు ముక్క మిగిలితే పది నిమిషాల్లో అదే చోట మళ్లీ పంక్చర్.

ట్యూబ్‌లెస్‌కీ ఒక బలహీనత ఉంది. గుంతలో పడి రిమ్ అంచు వంగితే ఆ సందులోంచి గాలి కారుతూనే ఉంటుంది. వారంవారం గాలి తగ్గుతుంటే టైరుని అనుమానించేముందు రిమ్ చుట్టూ, వాల్వ్ మొదట్లో సబ్బు నీళ్లు పోసి బుడగలు చూడండి. గాలి ఎంతుందో మాత్రం టైరు చల్లగా ఉన్నప్పుడే, పొద్దున్నే చూసుకోండి. కొత్త టైరు వేయించిన రోజే వాల్వ్ కూడా మార్పించండి.