పాత నాటక ఫొటోలో చైనా వేషాన్ని చదవడం ఎలా

లండన్ డేలీస్ థియేటర్లో 1899 అక్టోబర్ 21న మొదలైన ‘శాన్ టాయ్’ 768 ప్రదర్శనలు ఆడిన సంగీత నాటకం. కథ చైనాలో జరుగుతుంది, ఆహార్యం గీసింది పెర్సీ ఆండర్సన్. ఇలాంటి నాటకాల ఫొటోలు కేబినెట్ కార్డులుగా (మందపాటి అట్టకు అంటించిన ఫొటోలు), పోస్టుకార్డులుగా ఇప్పటికీ అమ్మకానికి వస్తుంటాయి. వాటిని చూసి ‘అంగీ నలుపు, పావడా తెలుపు’ అని రాసుకుంటే పప్పులో కాలేసినట్టే.

ముందు 10 రెట్ల భూతద్దం పెట్టండి. వరసగా చుక్కలు కనిపిస్తే అది అచ్చు బొమ్మ. కుట్టుపని వివరాలు అందులో వెతికి లాభం లేదు. చుక్కలు లేకుండా కాగితపు నార కనబడి, తెల్లటి చోట్లు పసుపు తిరిగి ఉంటే ఆల్బుమెన్ (గుడ్డు తెల్లసొన పూసిన కాగితం) ప్రింటు కావచ్చు. నార కనబడక, ఏటవాలుగా చూసినప్పుడు నల్లటి చోట్ల వెండిలా మెరిస్తే జెలటిన్ పూత ఉన్న ప్రింటు. కేబినెట్ కార్డు అట్ట సుమారు 108 × 165 మి.మీ. ఉంటుంది.

పోస్టుకార్డు వెనక నడిమి గీత ఉంటే, బ్రిటన్‌ది 1902కు ముందుది కాదు, అమెరికాది 1907కు ముందుది కాదు. ఇది కార్డు తేదీ మాత్రమే, ఫొటో తీసింది అంతకు ముందే అయ్యుండొచ్చు. కథానాయిక శాన్ టాయ్ వేషంలో ఉన్నది నటి మేరీ టెంపెస్ట్ అయితే ఫొటో 1899–1900 నాటిదే. ప్యాంటు వేషం మీద గొడవపడి ఆమె 1900లోనే నాటకం వదిలేశారు. వెనకున్న తెరను నాటకపు సెట్టు అనుకోకండి. వేదిక వెలుతురు చాలక చాలా ఫొటోలు స్టూడియోలోనే తీసేవారు.

చైనా అంగీలో ఎడమ అంచు పైకి వచ్చి, తొడుక్కున్నవారి కుడి పక్కన ముడిపడుతుంది. ముడులు ఎడమ చంక దగ్గరుంటే నెగెటివ్ కుడి ఎడమలుగా తిరగబడిందేమో చూడాలి. అయితే లండన్ దర్జీయే తప్పు కుట్టి ఉండొచ్చు. పక్కన ఇంగ్లిష్ కోటు వేసిన మగ పాత్ర ఉంటే, అక్కడా ఎడమ అంచే పైన ఉండాలి. రెండూ తారుమారైతేనే ఫొటో తిరగబడిందని తేల్చండి.

అసలు చిక్కు రంగుల దగ్గర. ఆనాటి మామూలు ఫొటో పలకలకు (ఫిల్ముకు బదులు వాడిన గాజు పలకలు) నీలం, ఊదా మాత్రమే తగిలేవి. ఆర్థోక్రొమాటిక్ పలకలకు ఆకుపచ్చ, కొంత పసుపు కూడా తగిలేవి, ఎరుపు మాత్రం దాదాపు తగలదు. అందుకే ఎర్ర పట్టు నల్లగా, లేత నీలం తెల్లగా వస్తాయి. చైనా చక్రవర్తులు వాడే పసుపు రంగు మామూలు పలక మీద ముదురు బూడిదగా పడుతుంది. పాత ఫొటోల్లో తాతమ్మల కుంకుమబొట్టు నల్లగా కనిపించేదీ ఇందుకే. అన్ని రంగులకూ స్పందించే పలకలు 1906 నుంచి మార్కెట్లోకి వచ్చినా, స్టూడియోలు పాత పలకలు వెంటనే మానలేదు. చేత్తో రంగు వేసిన కార్డునూ నమ్మొద్దు, ఆ ఎరుపు రంగులద్దినవారి ఇష్టం. రంగు తెలియాలంటే డిజైన్ చిత్రాలో, అప్పటి పత్రికల వర్ణనలో కావాలి. ఫొటో నుంచి నిక్కచ్చిగా దొరికేవి కోత, పొడవు, కుట్టు, ఛాతీ మీది చదరపు పట్టీ. అసలు చైనా ఆచారంలో ఆ పట్టీ మీద పక్షి ఉంటే సివిల్ అధికారి, జంతువు ఉంటే సైనికాధికారి. నాటకంలో ఆ తేడా పాటించారో లేదో చూడటం సరదా పని.

స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), రంగుల్లో, టిఫ్ ఫైలుగా చేయండి. కేబినెట్ కార్డుకు సుమారు 2550 × 3900 పిక్సెళ్లు వస్తాయి. వంగిన అట్టను అద్దం కింద నొక్కకండి, పెళుసెక్కిన అట్ట ఫట్‌మని విరుగుతుంది. కెమెరాతో తీసేట్టయితే రెండు పక్కలా 45 డిగ్రీల్లో దీపాలు పెట్టండి. వెనక వైపునూ తప్పక స్కాన్ చేయండి. స్టూడియో పేరు, పెన్సిల్ రాత ఉండేది అక్కడే.