సెకండ్ హ్యాండ్ గేమ్ తెరుచుకోవడం లేదా? లోపం ఎక్కడుందో ఇట్లా చూసుకోండి

దేవరకొండ నుంచి ఒక పెద్దమనిషి పీఎస్4ను, అంటే టీవీకి తగిలించి గేములు ఆడే సోనీ ప్లేస్టేషన్ 4 కన్సోల్‌ను, తువ్వాలలో చుట్టి, సంచిలో పెట్టుకొని బస్సులో మా ఇంటికి వచ్చాడు. కొడుకు ఇంటర్ పాసయ్యాడని హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌ది కొనిచ్చాడట. లోపల పద్దెనిమిది గేములున్నాయని చెప్పి అమ్మినాయన మూడు వేలు ఎక్కువ తీసుకున్నాడు. నెలన్నర బాగానే నడిచింది. ఒకరోజు పొద్దున ఆన్ చేస్తే ప్రతి గేమ్ బొమ్మ మీద చిన్న తాళం గుర్తు పడి ఉంది.

"మిషిన్ ఖరాబైందా సార్?" అని అడిగాడు.

"మిషిన్ మంచిగనే ఉంది కాకా. ఆ గేములే మీవి కావు." ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అయినా చెప్పక తప్పలేదు.

నల్లగొండలో, మిర్యాలగూడలో, సూర్యాపేటలో, అటు జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు ఎవరిని కదిపినా ఇట్లాంటి కథ ఒకటి వినిపిస్తుంది. పీఎస్5 కొత్త డిస్కు ఒక్కోటి అయిదు వేల దాకా పలుకుతుంటే సెకండ్ హ్యాండ్‌కు పోకుండా ఎవరుంటారు? నేనూ అగ్గువకు దొరికితేనే కొంటాను, ఆడటం అయిపోయాక అమ్ముతాను. అందులో తప్పు లేదు. పైసలు చేతులు మారకముందే ఒక్కటి తేల్చుకోవాలి: మనకు ఇస్తున్నది డిస్కా, గేమ్‌ను అకౌంట్‌కు ఎక్కించే కోడా, లేక ఐడీనా, అంటే లాగిన్ అయ్యే అకౌంటా? డిస్కు ఎన్ని చేతులైనా మారుతుంది. కోడ్ ఒక్కసారికే పనిచేస్తుంది. ఐడీ మనదైనట్టు కనిపిస్తుందిగానీ ఎన్నటికీ కాదు. కింద రాసిన తిప్పలన్నీ ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చినవే.

సమస్య: కన్సోల్‌తో వచ్చిన గేములకు తాళం గుర్తు పడింది

ఆన్‌లైన్ స్టోర్‌లో కొని డౌన్‌లోడ్ చేసిన గేమ్ కన్సోల్‌ది కాదు, కొన్న మనిషి ఐడీది. అయితే పీఎస్4లో ఒక ఐడీకి ఒక కన్సోల్‌ను 'ప్రైమరీ'గా పెట్టుకోవచ్చు. అట్లా పెడితే ఆ కన్సోల్‌లో ఎవరు లాగిన్ అయినా, నెట్ లేకపోయినా ఆ ఐడీ గేములు ఆడతాయి. ఇంట్లో అన్న కొన్న గేమ్ తమ్ముడు కూడా ఆడుకోవడానికి ఇచ్చిన సౌకర్యమది. పీఎస్5లో ఇదే పనికి 'కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే' అని పేరు.

అమ్మేవాళ్లు ఈ సెట్టింగ్‌ను అట్లాగే వదిలేసి, "గేములన్నీ ఫ్రీ" అని కన్సోల్ అంటగడతారు. కొందరికి నిజంగానే సంగతి తెలియదు. తర్వాత ఆయన ఇంకో పీఎస్4 కొని దాన్ని ప్రైమరీ చేసుకోవడానికి తన అకౌంట్ పేజీలోకి పోయి డివైజులన్నీ డీయాక్టివేట్ చేస్తే మీ దగ్గరి కన్సోల్ హక్కు పోతుంది. కన్సోల్ నెట్‌కు తగిలినప్పుడు ఆ సంగతి బయటపడి తాళాలు పడతాయి. దేవరకొండ కాక ఇంట్లో జరిగింది అదే. కొడుకు కొత్తగా వైఫై పెట్టించుకున్న మరునాడే తాళాలు పడ్డాయి.

పరిష్కారం ఉన్నదున్నట్టు చెప్తాను: ఆ పద్దెనిమిది గేములు తిరిగి రావు. రీసెట్ కొడితే వస్తాయని ఎవరన్నా అంటే వినకండి. గేములు రావు సరికదా, పిల్లలు ఎక్కడిదాకా ఆడారో దాచుకున్న సేవ్‌లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. అమ్మినాయనకు ఫోన్ చేసి బతిమాలితే మళ్లీ ప్రైమరీ చేయవచ్చు, రేపు మళ్లీ తీసేయవచ్చు. దానికన్నా "గేముల పేరు మీద తీసుకున్న మూడు వేలు వాపస్ ఇవ్వు" అని అడగడం మేలు. కాక అదే చేశాడు. రెండు వేలు వచ్చాయి.

ఆ తర్వాత మీ సొంత ఐడీ చేసుకొని, దాన్నే ఈ కన్సోల్‌కు ప్రైమరీ పెట్టండి. ఇష్టమైన గేములు ఒకటొకటిగా డిస్కుల్లో కొనండి. మీ యూజర్‌లో ఆడిన సేవ్ కన్సోల్‌లోనే ఉంటుంది. అదే గేమ్, అదే రీజియన్ (ఏ దేశాల కోసం అమ్మిందో ఆ ప్రాంతం) డిస్కు పెడితే ఆపిన చోటి నుంచే ఆడుకోవచ్చు. పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పండి, సగం ఏడుపు ఆగిపోతుంది.

కొనేముందు చిన్న పరీక్ష: డ్రైవ్‌లో డిస్కు లేకుండా తెరుచుకునే ప్రతి గేమూ ఎవరిదో ఐడీ మీదున్నదే. బేరంలో దానికి రూపాయి కూడా లెక్కగట్టొద్దు.

సమస్య: పీసీ గేమ్ డబ్బా కొన్నాను, కోడ్ ఇదివరకే వాడేశారని వస్తోంది

ఈ దెబ్బ నేనూ తిన్నాను. జీటీఏ 5 పీసీకి 2015లో వచ్చింది, డబ్బాలో ఏడు డీవీడీలు. ఒక సెకండ్ హ్యాండ్ దుకాణంలో ఆరు వందలకు దొరికింది. డిస్కులు అద్దాల్లా ఉన్నాయి, ఒక్క గీత లేదు. మ్యాప్ కూడా మడత నలగకుండా ఉంది. ఇంటికొచ్చి ఒకటి తర్వాత ఒకటి ఏడూ పెట్టి కాపీ చేసేసరికి సాయంత్రం గడిచిపోయింది. చివర్లో కోడ్ అడిగింది. డబ్బాలోని కాగితం మీద కోడ్ ఉంది, దాని కింద నీలిరంగు పెన్నుతో గీసిన గీత కూడా ఉంది. పాత యజమాని ఒక్కో అక్షరం చూసి టైప్ చేసుకుంటూ గీసిన గీత అది. దుకాణంలో అది చూసి కూడా నేను దాని అర్థం ఆలోచించలేదు. వాడేసిన కోడ్ అని స్క్రీన్ మీద వచ్చాక అర్థమైంది.

కారణం ఇది. పీసీలో డిస్కు అన్నది గేమ్ ఫైళ్లు మోసుకొచ్చే సంచి మాత్రమే. హక్కంతా కోడ్‌లో ఉంటుంది. కోడ్ కొట్టగానే అది ఒక ఐడీకి అతుక్కుపోతుంది, ఇక ఊడిరాదు. 2004లో హాఫ్ లైఫ్ 2 డబ్బా కొన్నవాళ్లకు కూడా స్టీమ్ (పీసీ గేముల ఆన్‌లైన్ స్టోర్) అకౌంట్ తప్పనిసరి అయింది. తర్వాత చాలా పెద్ద గేములు అదే దారి పట్టాయి. ఇప్పుడైతే పీసీ డబ్బాల్లో చాలావాటిలో డిస్కే ఉండదు, కోడ్ చీటీ ఒక్కటే.

కోర్టులో కూడా దీని మీద పెద్ద గొడవే జరిగింది. ఫ్రాన్స్‌లో వినియోగదారుల సంఘం వేసిన కేసులో, స్టీమ్‌లో కొన్న గేములను తిరిగి అమ్ముకోవచ్చని 2019లో పారిస్ కోర్టు తీర్పు ఇచ్చింది. 2022లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, ఆన్‌లైన్ స్టోర్ వాళ్లు అమ్ముతున్నది సొత్తు కాదు, లైసెన్సేనని కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. పైసలు పెట్టి కొన్న వస్తువును తిరిగి అమ్ముకునే హక్కు మనిషికి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. కానీ ఈ రోజు సెకండ్ హ్యాండ్ పీసీ డబ్బా కొంటే అక్కరకు వచ్చేది నా నమ్మకం కాదు, వాడని కోడ్.

పరిష్కారం: వాడిన కోడ్‌కు విరుగుడు లేదు. కొన్న రోజే దుకాణానికి పోయి స్క్రీన్ ఫోటో చూపించండి, గడిచినకొద్దీ మీ మాట చెల్లదు. నా విషయంలో పైసలు ఇవ్వలేదు, ఇంకో డిస్కు ఇచ్చారు. మళ్లీ కొనాలంటే దుకాణంలోనే ఫోన్ తీసి మీ అకౌంట్‌లో కోడ్ కొట్టి, గేమ్ చేరిందని చూశాకే పైసలివ్వండి. అందుకు ఒప్పుకోని డబ్బా అక్కడే ఉండనీయండి. స్టీమ్‌లో నేరుగా కొంటే మాత్రం 14 రోజుల లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే వాపస్ అడగవచ్చు. పండగ సేల్‌లో పాత గేములు సెకండ్ హ్యాండ్ ధరకే దొరుకుతాయి, పీసీ వాళ్లకు నేను ఆ దారే చెప్తాను.

సమస్య: డిస్కు ఆడుతోంది, కానీ కొన్న అదనపు ప్యాక్ అందులో కనబడటం లేదు

డబ్బా మీదో డిస్కు మీదో సన్నటి అక్షరాల్లో ఒక నంబర్ ఉంటుంది, అది ఏ రీజియన్ డిస్కో దాన్ని బట్టి తెలుసుకోవచ్చు. చాలావరకు పీఎస్4 అయితే సీయూఎస్ఏ (CUSA) అని, పీఎస్5 అయితే పీపీఎస్ఏ (PPSA) అని మొదలవుతుంది. దుబాయ్ నుంచో అమెరికా నుంచో వచ్చినవాళ్లు తెచ్చిన డిస్కులు మన దగ్గర చాలా తిరుగుతుంటాయి. పీఎస్4, పీఎస్5 డిస్కులు ఏ దేశానివైనా మన దగ్గరి అదే రకం కన్సోల్‌లో ఆడతాయి. గేమ్‌కు తోడుగా ఆన్‌లైన్‌లో విడిగా కొనే అదనపు ప్యాక్ మాత్రం డిస్కు రీజియన్‌తో కలవాలి. ఇండియా ఐడీతో కొన్న ప్యాక్‌ను అమెరికా డిస్కు గుర్తించదు. ఐడీ దేశాన్ని తర్వాత మార్చుకునే వీలు కూడా లేదు. డిస్కు దేశంతో ఇంకో ఐడీ చేసి అక్కడ కొనవచ్చుగానీ, దానికి ఆ దేశం గిఫ్ట్ కార్డు కావాలి, తిప్పలెక్కువ. ప్యాక్‌లు కొనే అలవాటున్న ఆటలకు మన దగ్గర అమ్మిన డిస్కే వెతకండి, లేదా అదనపు ప్యాక్‌లన్నీ డిస్కులోనే ఎక్కించి అమ్మిన పూర్తి ఎడిషన్ కొనండి.

డబ్బాలోని బోనస్ చీటీ గురించి వేరే చెప్పక్కర్లేదు, అది మొదటి యజమానితోనే పోయింది.

సమస్య: పీఎస్5కు అప్‌గ్రేడ్ చేశాను, పీఎస్4 డిస్కు అమ్మేశాక గేమ్ తెరుచుకోవడం లేదు

పీఎస్4 డిస్కు ద్వారా తీసుకున్న అప్‌గ్రేడ్ (అదే గేమ్ పీఎస్5 వెర్షన్) ఆడాలంటే ప్రతిసారీ ఆ డిస్కు డ్రైవ్‌లో ఉండాల్సిందే. అమ్మారంటే రెండూ పోయినట్టే. డ్రైవ్ విడిగా తగిలించే వీలు కూడా లేని పాత పీఎస్5 డిజిటల్, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ కొన్నవాళ్లకు పాత డిస్కులతో అసలు పనే లేదు. సెకండ్ హ్యాండ్ మీదే ఆధారపడే ఇంట్లో నాలుగు పైసలు మిగులుతున్నాయని ఇట్లా డ్రైవ్ లేని కన్సోల్ కొనకండి. డిస్కులు కొని, ఆడి, అమ్ముకునే దారి మొత్తం మూసుకుపోతుంది. డిస్కుకు ఈ స్వేచ్ఛ కూడా ఊరికే మిగల్లేదు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌కు వాడిన గేముల మీద ఆంక్షలు పెడతామని మైక్రోసాఫ్ట్ ప్రకటిస్తే ఆడేవాళ్లు ఎదురుతిరిగారు. జూన్‌లో కంపెనీ వెనక్కి తగ్గింది.

సమస్య: కొన్న ఐడీ పాస్‌వర్డ్ మారిపోయింది

బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా గేమ్) ఐడీల బేరాలు మన దగ్గర కాలేజీల చుట్టూ జోరుగా నడుస్తాయి. మిర్యాలగూడ నుంచి ఒక డిగ్రీ పిల్లగాడు ఫోన్ చేసి, "అన్నా, ఎనిమిది వేలు పెట్టి ఐడీ కొన్న. వారానికే లాగౌట్ చేసేసిండు, నంబర్ బ్లాక్ పెట్టిండు" అన్నాడు. గొంతులో ఏడుపు తెలుస్తోంది. ఎండాకాలం సెలవుల్లో పనికి పోయి కూడబెట్టుకున్న పైసలవి.

ఐడీ వెనకాల జీమెయిల్ ఉంటుంది, ఆ జీమెయిల్ వెనకాల పాత ఫోన్ నంబర్ ఉంటుంది. పాస్‌వర్డ్ మీరు మార్చినా, రికవరీ నంబర్ మార్చినా, మొదటినుంచీ వాడినవాడి దగ్గర తనదని చూపించుకోవడానికి గుర్తులుంటాయి. స్టీమ్‌లో కూడా అంతే: మొదట కట్టిన పేమెంట్ వివరాలో, పాత డబ్బా కోడో చూపించి వెనక్కి తీసుకోగలడు. పైగా అకౌంట్లు అమ్మడం వాటి నిబంధనలకే విరుద్ధం కాబట్టి, "నేను కొనుక్కున్నాను" అని సపోర్ట్‌కు రాస్తే మీ చేతులతో మీరే ఐడీ మూయించుకున్నట్టవుతుంది.

అతనికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. ఐడీ మీద ఆశ వదులుకో తమ్మీ, పైసల వెంట పడు. చాట్ డిలీట్ చేయకు, యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్ రాసిపెట్టుకో, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. పైసలు అవతలివాడి ఖాతా దాటకముందే చెప్తే ఆపే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి నాలుగు రోజులు దాచిపెడితే ఆ అవకాశం కూడా పోతుంది. ఇంట్లో కూడా చెప్పు, తిట్టినా సరే.

అమ్మేవాళ్ల సమస్య: కన్సోల్ అమ్మేశాక నా కార్డు నుంచి పైసలు పోయాయి

ఐడీ తీయకుండా అమ్మితే మీ వాలెట్, సేవ్ చేసిన కార్డు కొన్నవాళ్ల ఇంటికి పోతాయి. ఇప్పటికే అమ్మేసి ఉంటే అకౌంట్ పేజీలోకి పోయి ముందు పాస్‌వర్డ్ మార్చండి, కార్డు తీసేయండి, రెండంచెల లాగిన్ పెట్టండి, ఆ తర్వాత డివైజులన్నీ డీయాక్టివేట్ చేయండి. ఈ చివరి పని ఆరు నెలలకు ఒక్కసారే కుదురుతుంది, అందుకే అమ్మేముందు కన్సోల్‌లోనే ప్రైమరీ తీసేయడం మంచిది. తర్వాత సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొని, పీఎస్4 సెట్టింగ్స్‌లో 'ఇనిషియలైజేషన్'లో 'ఫుల్' ఎంచుకోండి. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

కొనే ఆయన మీ ఇంటికొచ్చినప్పుడు కొత్తగా కొన్న కన్సోల్‌లా భాష అడిగే స్క్రీన్ నుంచి మొదలుకావాలి. ఆయన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, ఆయన ఐడీతోనే లాగిన్ చేయించండి. ఐడీ మంచిదై ఉండి కూడా లోపలికి పోకపోతే కన్సోల్ బ్యాన్ అయి ఉందేమో అక్కడికక్కడే తేలుతుంది. లాగిన్ అయితే ఒక డిస్కు పెట్టి పది నిమిషాలు ఆడనీయండి. పోయిన నెల నా పాత పీఎస్4 ఇట్లాగే ఇచ్చాను. కొన్న పిల్లగాడు ఆటలో మొదటి గోల్ కొట్టాకే వాళ్ల నాన్న జేబులోంచి పైసలు తీశాడు.