స్టార్‌ఫైండర్‌లో గోబ్లిన్‌గా ఆడటం ఎలా?

స్టార్‌ఫైండర్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా ఆడే అంతరిక్ష కథల ఆట. అందులో గోబ్లిన్ అనే పొట్టి, అల్లరి జీవి పాత్రను కాగితం మీద తయారు చేయడానికి అరగంట చాలు. ఆ గోబ్లిన్‌ను పదో సెషన్ దాకా మిగతా ఆటగాళ్లు భరించేలా ఆడటమే కష్టం. మొదటి ఎడిషన్ రోజుల నుంచి జీఎంగా, అంటే కథ నడిపే గేమ్ మాస్టర్‌గా కూర్చుంటున్నాను. నా టేబుల్ మీద చెడిపోయిన గోబ్లిన్లలో లెక్కలు తప్పి చెడిపోయింది ఒక్కటీ లేదు. అందుకని లెక్కల సంగతి గబగబా ముగించేస్తాను.

కావలసినవి: క్యారెక్టర్ షీట్, ఏడు పాచికల సెట్, పెన్సిల్, రబ్బరు. రూల్స్ కొనక్కర్లేదు, ఆటను తెచ్చిన పైజో కంపెనీ అనుమతితోనే ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో పాచికలు వేసే యాప్‌లు కూడా ఉన్నాయి గానీ గోబ్లిన్‌కు చేత్తోనే వేయాలి. ఎందుకని అడగొద్దు, వేయాలి అంతే.

1. ఏ గోబ్లిన్ అన్నది తేల్చుకోండి

2017లో స్టార్‌ఫైండర్ మొదటి ఎడిషన్ వచ్చినప్పుడు, అదే ఏడాది వెలువడిన ఏలియన్ ఆర్కైవ్ అనే పుస్తకంలో స్పేస్ గోబ్లిన్లు ఉండేవి. ఎప్పుడు పేలుతుందో, ఎప్పుడు మొరాయిస్తుందో తెలియని జంక్‌లేజర్ అనే తుపాకీ పట్టుకుని తిరిగేవి. 2025లో వచ్చిన రెండో ఎడిషన్ మూల పుస్తకం ప్లేయర్ కోర్‌లో మాత్రం గోబ్లిన్ లేదు. కంగారు పడకండి. రెండో ఎడిషన్ స్టార్‌ఫైండర్, రెండో ఎడిషన్ పాత్‌ఫైండర్ (అదే కంపెనీ తెచ్చిన కత్తులు, మంత్రాల ఆట) ఒకే రూల్స్ మీద నడుస్తాయి. పాత్‌ఫైండర్‌లో 2019 నుంచి గోబ్లిన్ మొదటి పుస్తకంలోనే ఉంది. అక్కడి నుంచి తెచ్చుకోవచ్చా అని మీ జీఎంను ఒక మాట అడిగితే సరిపోతుంది.

"అంత అవస్థ ఎందుకు, యసోకీ తీసుకోవచ్చుగా" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. యసోకీ అంటే బుగ్గల్లో సామాను దాచుకునే ఎలుక మనుషులు. మంచివాళ్లే, తెలివైనవాళ్లే. కానీ యసోకీ ఇంజిన్ బాగుచేస్తే మళ్లీ ఇంజినే అవుతుంది. గోబ్లిన్ బాగుచేస్తే అదేమవుతుందో దానికే తెలియదు. ఆ తేడా నచ్చకపోతే మీరు నిజంగానే యసోకీ తీసుకోండి.

2. అంకెలు వేయండి

జాతి వల్ల వచ్చే హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు ఓర్చుకోగలదో చెప్పే అంకె) 6. మరుగుజ్జు జాతికి 10, మనిషికి 8, కాబట్టి దెబ్బలు తినే పాత్ర కాదిది. సైజు చిన్నది, వేగం ఒక కదలికకు 25 అడుగులు, కటిక చీకట్లోనూ కళ్లు కనిపిస్తాయి. డెక్స్‌టెరిటీ (చురుకుదనం), కరిస్మా (ఎదుటివాళ్లను ఆకట్టుకునే గుణం) పెరుగుతాయి, మీకు నచ్చిన ఇంకొకటి పెరుగుతుంది, విజ్‌డమ్ ఒకటి తగ్గుతుంది. ఇవన్నీ వదిలేసి మీ ఇష్టప్రకారం రెండు పెంచుకునే వీలు రూల్స్‌లో ఉంది. గోబ్లిన్‌కు అది వాడకూడదు. తగ్గిన ఆ విజ్‌డమే గోబ్లిన్‌కు ప్రాణం.

అయితే విజ్‌డమ్ తగ్గిందంటే తెలివి లేదని కాదు. గమనింపు, మనసు నిలకడ కాస్త తక్కువని. బుర్ర లెక్క ఇంటెలిజెన్స్ చూసుకుంటుంది. గోబ్లిన్‌ను వెర్రివాడిలా నత్తిగా మాట్లాడించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

3. క్లాసు

క్లాసు అంటే పాత్ర చేసే పని. ఆపరేటివ్ (గురి తప్పకుండా కాల్చేవాడు) లేదా ఎన్వాయ్ (మాటలతో జట్టును నడిపేవాడు). మొదటిదానికి డెక్స్‌టెరిటీ, రెండోదానికి కరిస్మా ముఖ్యం, రెండూ మన దగ్గరున్నవే. మంత్రాలు వేసే మిస్టిక్ విజ్‌డమ్ మీద బతికే క్లాసు, అటు పోవద్దు.

4. హెరిటేజ్, ఫీట్

హెరిటేజ్ అంటే జాతిలో ఒక రకం. కొత్తవాళ్లకు అన్‌బ్రేకబుల్ హెరిటేజ్. హిట్ పాయింట్లు 6 కాస్తా 10 అవుతాయి, ఎత్తు నుంచి పడితే దెబ్బ సగమే. కరవాలన్న ముచ్చట ఉంటే రేజర్‌టూత్.

ఫీట్ (పాత్రకు దొరికే ప్రత్యేక సామర్థ్యం) దగ్గర నూటికి తొంభై మంది చేసే పొరపాటు ఒకటుంది. "బర్న్ ఇట్!" పేరు చూడగానే తీసేసుకుంటారు. లేజర్ గన్ కలిగించేది నిప్పు దెబ్బే కదా, రెండూ కలిస్తే పండగే అనుకుంటారు. ఒక్క క్షణం ఆగి చదవండి. ఆ ఫీట్ పెంచేది మంత్రాలతో, రసాయన సామగ్రితో కలిగే నిప్పు దెబ్బను. లేజర్ పిస్టల్ మంత్రమూ కాదు, రసాయనమూ కాదు. రౌండ్ రౌండ్‌కూ మండుతూ ఉండే మంటకైతే ఒక పాయింటు కలుస్తుంది, మామూలు కాల్పులకు ఏమీ రాదు. దాని బదులు జంక్ టింకర్ తీసుకోండి. చెత్త ఏరుకుని లెవెల్ 0 (అట్టడుగు స్థాయి) వస్తువులు పావు ధరకే తయారు చేసుకోవచ్చు. అవి నాసిగానే ఉంటాయి గానీ, మీరు చేసినవి మీరు వాడుకుంటే ఆ నాసితనం పెనాల్టీ మీకు వర్తించదు. పాత జంక్‌లేజర్ మీద బెంగ ఉన్నవాళ్లకు దీనికి మించిన మందు లేదు.

5. అల్లరికి హద్దు గీయండి

ఇక్కడ నెమ్మదిగా చదవండి. కావాలంటే టీ తెచ్చుకుని కూర్చోండి.

గోబ్లిన్ అంటేనే అల్లరి. నిప్పంటే మోజు, కుక్కలన్నా గుర్రాలన్నా పడదు, రాతంటే భయం. రాస్తే తలలో ఉన్న మాటలు కాగితం దొంగిలిస్తుందని వాటి నమ్మకం. ఇవన్నీ గోలారియన్ అనే గ్రహం మీద అబ్బిన బుద్ధులు. స్టార్‌ఫైండర్ కాలానికి ఆ గ్రహమే మాయమైపోయింది, అది తిరిగిన దారిలో ఇప్పుడు అబ్సలోమ్ స్టేషన్ అనే అంతరిక్ష కేంద్రం తిరుగుతోంది. ఈ పాత బుద్ధులను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి ఓడలో పడేస్తే కొరివితో తల గోక్కున్నట్టే. గాలికి కూడా లెక్క ఉండే చోట నిప్పుతో సరదా ఏమిటి?

ఒకసారి నా టేబుల్ మీద ఒక గోబ్లిన్ ఆటగాడి వల్ల సరిగ్గా అదే జరిగింది. మిగతా ముగ్గురూ నాలుగు నెలలు క్రెడిట్లు (ఆటలో డబ్బు) కూడబెట్టి ఓడ కొన్నారు. రెండో వారం ఇతని గోబ్లిన్ ఇంధనం గదిలో బాణసంచా కాల్చింది. అదేమిటయ్యా అంటే, "నేనేం చేయను, నా గోబ్లిన్ అలాంటిది" అన్నాడు. మరి దాన్ని అలా తయారు చేసింది ఎవరు? ఆ రాత్రి ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ ఆట మళ్లీ మొదలవ్వలేదు.

అందుకే నా దగ్గర గోబ్లిన్ కావాలన్నవాళ్లు ముందు ఒక చిట్టీ రాసివ్వాలి. మూడే మూడు లైన్లు.

మొదటి లైను: నా గోబ్లిన్ దేన్ని చూస్తే ఆగలేదు? ఇది చిన్నదిగా ఉండాలి. "నిప్పు" అని రాస్తే తిప్పి పంపేస్తాను, "మూత బిగించిన డబ్బాలు" అంటే ఒప్పుకుంటాను. పాత భయాలను కొత్త కాలానికి మార్చుకుంటే ఇంకా బాగుంటుంది. ఒకామె తన గోబ్లిన్‌కు రాత బదులు వాయిస్ రికార్డింగ్ అంటే భయం పెట్టింది. గొంతు దొంగిలిస్తారని ఓడలో ఎవరు మెసేజ్ పెట్టబోయినా అది చేతులతో తన నోరు మూసుకునేది. ఎవరికీ నష్టం లేదు, ఏడాది పాటు నవ్వుకున్నాం.

రెండో లైను: నష్టం ఎవరిది? జవాబు ఎప్పుడూ "నాది" అని ఉండాలి. మీ చేయి కాలాలి, మీ తుపాకీ విరగాలి, మీ జీతం కోతపడాలి. పక్కవాడి సామాను ముట్టుకోవాలంటే ముందు పాత్రను పక్కనపెట్టి, మీరుగా ఆ మనిషిని అడగండి. "నీ డ్రోన్‌ను విప్పేస్తా, పర్లేదా?" అని. కాదంటే కాదు. పాచిక వేసి తేల్చుకుందాం అనడం కూడా తప్పే. పాచిక ఒప్పుకున్నంత మాత్రాన మనిషి ఒప్పుకున్నట్టు కాదు.

మూడో లైను: ఎక్కడ ఆగుతుంది? సెషన్‌కు ఒకసారి పెద్ద అల్లరి, అంతే. అది కూడా ఏదో ఒక దారి తెరవాలి, మూయకూడదు. గోబ్లిన్ డబ్బా తెరిస్తే లోపల దొంగ సరుకు బయటపడిందంటే కథ కదులుతుంది. అదే డబ్బా తెరిచి, సాక్షిని చంపే విషవాయువు వదిలిందంటే జీఎం మూడు వారాల శ్రమ మట్టిలో కలుస్తుంది.

జీఎంలకూ ఒక మాట. గోబ్లిన్ చేసిన ప్రతి తప్పుకూ గుంపంతటినీ జైల్లో వేయకండి. తర్వాత అందరూ కలిసి గోబ్లిన్ మీద పడతారు, ఆడేవాళ్లు నొచ్చుకుంటారు.

6. పేరు, పాట

పేరు రెండు అక్షరాలు, పెద్దగా అరిస్తే బాగుండాలి. "గాలన్ ది డార్క్" లాంటివి గోబ్లిన్ పేర్లు కావు.

తర్వాతి ఫీట్ అవకాశం రాగానే గోబ్లిన్ సాంగ్ తీసుకోండి. 30 అడుగుల లోపున్న శత్రువును పాటతో విసిగించి, అతని గమనింపునూ విల్ సేవ్‌నూ (మనసు మీద దాడిని తట్టుకోవడానికి వేసే పాచిక) ఒక పాయింటు తగ్గించవచ్చు. నేనైతే పాడకుండా పాచిక వేయనివ్వను. తెలుగులోనే పాడాలి, సొంతంగా కట్టాలి. మొన్నొకతను ఇలా అందుకున్నాడు: "తలుపు తీస్తే పొగ, తలుపు మూస్తే సెగ, కెప్టెన్ గారి బూటు మాత్రం తింటే భలే సగ!" సగ అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. రెండో చరణం మాత్రం జీఎం అడిగితేనే.