ఇంటి పాడికీ ఇంటివారికీ మధ్య క్షయ సోకకుండా ఎలా చూసుకోవాలి?

పశువుల క్షయకు ప్రధాన కారణం మైకోబ్యాక్టీరియం బోవిస్ అనే సూక్ష్మక్రిమి. ఇది ఒక పశువు నుంచి మరొకదానికి ఎక్కువగా ఊపిరి ద్వారా, తల్లి నుంచి దూడకు పాల ద్వారా సోకుతుంది. మనుషులకు పచ్చిపాల వల్లనే కాక, గాలి ఆడని కొట్టంలో రోగమున్న పశువు దగ్గర ఎక్కువసేపు పనిచేయడం వల్ల కూడా రావచ్చు. మనుషులలో సాధారణంగా కనిపించే క్షయక్రిమి సైతం, దగ్గుతున్న మనిషి నుంచి పశువుకు అప్పుడప్పుడు చేరుతుంది. కాబట్టి పాడి ఉన్న ఇంట్లో జాగ్రత్త రెండు వైపులా ఉండాలి.

ముందు పాల సంగతి. 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు గాని, 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు గాని వేడిచేస్తే ఈ క్రిమి చనిపోతుంది. ఇంట్లో పాలను పొంగు వచ్చేదాకా కాచుకుంటే చాలు. బలమని పిల్లలకు గుమ్మపాలు పట్టడం మానుకోవాలి. పచ్చిపాలను తోడుపెట్టినంత మాత్రాన ఆ పులుపుకు క్రిమి చస్తుందని నమ్మకూడదు. అభిషేకానికి పచ్చిపాలు వాడే ఆనవాయితీ ఉన్నా, తాగడానికి ఇచ్చే పంచామృతాన్ని కాచి చల్లార్చిన పాలతోను, ఆ పాలతో తోడుపెట్టిన పెరుగుతోను కలుపుకోవచ్చు.

తరువాత పశువుకు పరీక్ష చేయించాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, మనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. రోగం సోకిన గేదె గాని ఆవు గాని చాలాకాలం ఆరోగ్యంగానే కనిపిస్తూ పాలిస్తుంది. చిక్కిపోవడం, ఆగి ఆగి దగ్గడం, వచ్చిపోయే జ్వరం బయటపడేసరికి పక్కనున్న పశువులకు అంటుకుని ఉండవచ్చు. పశువైద్యుడు మెడ మీద వెంట్రుకలు తీసి, చర్మం మందాన్ని కొలిచి, చర్మం పొరలోకి 0.1 మిల్లీలీటరు ట్యూబర్క్యులిన్ (క్షయక్రిమి నుంచి తీసిన ప్రొటీన్ల ద్రవం) ఎక్కించి, 72 గంటల తరువాత మళ్లీ కొలుస్తాడు. మందం 4 మిల్లీమీటర్లు లేదా అంతకుమించి పెరిగితే సోకినట్టు లెక్క. 2కూ 4కూ మధ్య ఉంటే అనుమానం కింద ఉంచి, 42 రోజుల తరువాత మళ్లీ పరీక్షిస్తారు. ఈనిన కొత్తలో ఈ పరీక్ష రోగాన్ని పట్టుకోలేకపోవచ్చు గనుక ఈనిన తేదీని తప్పక చెప్పాలి. సంతలో కొన్న పశువును కూడా పరీక్ష ఫలితం తేలేదాకా మందలో కలపకుండా విడిగా కట్టేయాలి.

సోకినట్టు తేలితే ఆ పశువును వేరే పాకలోకి మార్చి, దాని కుడితి తొట్టి, మేత, నీళ్లు వేరు చేయాలి. దాని పాలను అమ్మకూడదు, దూడకు తాగనివ్వకూడదు. పశువులకు క్షయమందులు వాడటం నెలల తరబడి సాగే పని, పైగా మందులకు లొంగని క్రిమిని తయారుచేసే ప్రమాదం ఉంది గనుక సలహా ఇవ్వరు. ఏళ్లపాటు ఇంటిని పోషించిన పశువు విషయంలో ఇది ఎంత బాధో తెలియనిది కాదు, అయినా గుట్టుగా సంతకు తోలి మరో రైతు కొట్టంలోకి రోగాన్ని పంపడం మాత్రం అన్యాయం. మిగతా పశువులన్నిటికీ పరీక్ష చేయించి, కొట్టంలోకి గాలీ ఎండా ధారాళంగా వచ్చేలా చూడాలి.

ఇంట్లో గాని, పాలు పితికేవారిలో గాని ఎవరికైనా ఊపిరితిత్తుల క్షయ ఉంటే, ఇక సోకదని డాక్టరు చెప్పేదాకా వారిని కొట్టం పనికి దూరంగా ఉంచాలి. గడ్డి మీద, తొట్టి దగ్గర ఉమ్మివేయనివ్వకూడదు.

చివరగా, మెడ పక్కన గడ్డలు, తగ్గని కడుపునొప్పి, రెండు వారాలు దాటిన దగ్గు ఉన్నవారు ఆసుపత్రిలో తమకు పాడి ఉందని, పచ్చిపాలు తాగే అలవాటుంటే అదీ చెప్పాలి. క్షయ చికిత్సలో మొదటి రెండు నెలలు ఇచ్చే నాలుగు మందులలో ఒకటైన పైరజినమైడ్ పశువుల నుంచి వచ్చే బోవిస్ క్రిమి మీద పనిచేయదు. సాధారణంగా చేసే సీబీనాట్ పరీక్ష (నమూనాలో క్షయక్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) క్షయ ఉన్నదని చెబుతుంది గాని, అది పశువుల నుంచి వచ్చే రకమా కాదా అన్నది తేల్చదు. సంగతి ముందే తెలిస్తే డాక్టరు నమూనాను కల్చర్‌కు (ల్యాబులో క్రిమిని పెంచి చూసే పరీక్షకు) పంపించి, ఏ మందులు ఎన్ని నెలలు వాడాలో నిర్ణయించగలరు. రోగికి క్షయ అని తేలిన వెంటనే పశువైద్యుడికీ కబురు చేసి కొట్టంలోని పశువులను పరీక్షింపజేయాలి.