మాటలు ఆగిపోయిన పిల్లాడు, సగంలో ఆగిన టీకాల కార్డు: ఏది ముందు చేయాలి

మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, మా ఆయన దుకాణంలో రెండూ. పెద్దాడికి ఏడాదిన్నర బూస్టర్ సూదులు వేయించిన నెలలోపే వచ్చిన నాలుగు మాటలూ పోయాయి. “సూదితోనే పోయింది” అంది అత్తమ్మ. నేనూ నమ్మాను. రెండేళ్ల తర్వాత చిన్నదాని వంతు వచ్చినప్పుడు అవే సూదులు ఐదు నెలలు ఆపేశాను. ఈలోపు పెద్దాడికి చేయాల్సిందీ చేయలేదు, కారణం ఎవరిదా అని తగువుపడుతూ కూర్చున్నాం. వాడికిప్పుడు తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది, బడికి వెళ్తున్నాడు. మీ ఇంట్లోనూ ఈ గొడవే ఉంటే, మేం ఆలస్యంగా చేసినవి మీరు ముందే చేయండి.

మొదట ఫోన్‌లో పాత వీడియోలు తీసి చూడండి. మాటల కోసం కాదు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతున్నాడా, కావాల్సింది వేలితో చూపిస్తున్నాడా, మీరు నవ్వితే మీ మొహం చూస్తున్నాడా. మావాడి మొదటి పుట్టినరోజు వీడియోలో పదిమందిమి పేరు పెట్టి అరుస్తున్నాం, వాడు ఫ్యాను చూస్తున్నాడు. బూస్టర్‌కి ఆరు నెలల ముందు సంగతి అది. ఆ రోజు అందరం నవ్వుకున్నాం కూడా.

“మరి తొమ్మిదో నెల తట్టు సూది ఆ పుట్టినరోజుకి ముందే పడిందిగా?” అని అత్తమ్మ అడ్డు ప్రశ్న వేసింది. నిజమే, ఒక్క ఇంటి వీడియోతో ఇది తేలదు. ఆటిజం లక్షణాలు బయటపడే వయసూ, టీకాల వయసూ ఒకటే కాబట్టి ఏ తల్లికైనా అలాగే అనిపిస్తుంది. అందుకే వేసుకున్న పిల్లల్నీ వేసుకోని పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల వివరాలతో ఆ పని చేసి 2019లో ఫలితం ప్రచురించారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా వేసుకున్నవాళ్లలో ఆటిజం ఏమీ ఎక్కువ లేదు. ఈ భయం పుట్టించింది 1998లో ఒక బ్రిటిష్ డాక్టరు 12 మంది పిల్లల మీద రాసిన వ్యాసం. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది, ఆయన లైసెన్సూ పోయింది. అత్తమ్మకి డెన్మార్క్ సంగతి ఎక్కలేదు. ఆమె సొంత తమ్ముడు ఎక్కాడు. ఆయన అరవై ఏళ్లుగా ఎవరితోనూ సరిగా మాట్లాడడు, గుమ్మం ముందు చెప్పులన్నీ వరసగా పేరుస్తాడు. చిన్నప్పుడు ఆయనకు ఒక్క సూదీ పడలేదు.

రెండోది, చెవి పరీక్ష. పలకని పిల్లాడికి వినబడుతోందో లేదో తేల్చకుండా మిగతా ఏ పరీక్షా వద్దు. ఏడాది నిండినా పేరుకు పలక్కపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాట ఏ వయసులో పోయినా, “మగపిల్లలకి మాటలు ఆలస్యమేలే” అన్నవాళ్ల మాట వినకండి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే, అంటే పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం, డాక్టర్ల బృందం వస్తుంది. ఎప్పుడొస్తారో ఆశా దీదీని అడిగి పెట్టుకోండి. వాళ్లే చీటీ రాసి జిల్లా ఆసుపత్రిలోని పిల్లల కేంద్రానికి పంపుతారు.

ఇంకో మాట. “రెండు భాషలతో తికమక పడుతున్నాడు, ఇంట్లో తెలుగు మానేయండి” అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మానకండి. రెండు భాషల వల్ల ఆటిజం రాదు. మేం ఆరు నెలలు వచ్చీరాని ఒడియాలో మాట్లాడితే వాడికి జోలపాట కూడా లేకుండా పోయింది, అంతే.

టీకా విషం దింపుతామనే వాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి. పట్నంలో ఒకచోట ఒంట్లో పాదరసం ఉందని చెప్పి మా దగ్గర పద్దెనిమిది వేలు తీసుకున్నారు. లోహాలు దింపే ఆ మందులు కిడ్నీలకు, గుండెకు ప్రమాదమని తర్వాత పిల్లల డాక్టరు తిట్టాడు.

ఇక వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు. మన తెలుగువాళ్లు ఇక్కడే ఇరుక్కుంటాం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బడి రిజిస్టర్‌లో వెనక, జనన పత్రంలో అసలు లేదు. మా దరఖాస్తు దానికే రెండుసార్లు తిరిగొచ్చింది. ముందు మూడు కాగితాల్లో పేరు ఒకేలా చేయించుకుని అప్పుడు వెళ్లండి. కార్డు దేశమంతా చెల్లుతుంది, థెరపీకి విశాఖ వెళ్లినా ఇదే. వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు.

బడిలో ఒక మాస్టారు అన్నారు, “మా రోజుల్లో ఇలాంటి పిల్లలు లేరమ్మా, ఇప్పుడు క్లాసుకి ఇద్దరు.” ఉన్నారు సార్, బడిలో లేరు. 1995 చట్టంలో లెక్కకొచ్చిన వైకల్యాలు 7, 2016 చట్టంలో 21. ఆటిజం, చదువులో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు ఈ రెండో జాబితాలోవే. అంతకుముందు వాళ్లని మొద్దు అని బెత్తంతో కొట్టేవారు, లేదా మేకల వెంట పంపేవారు. మాస్టారితో వాదించకండి. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద మండలానికి, అంటే ఇక్కడి బ్లాకుకి, ప్రత్యేక పిల్లల టీచరు ఉంటారు, ఆ టీచరు ఏ రోజు వస్తారో మాత్రం అడగండి.

చివరగా ఆగిన సూదులు. నిజానికి పిల్లల్ని ప్రత్యేక తరగతిలోకి నెట్టే జబ్బుల్నే ఇవి ఆపుతాయి. తట్టు మెదడుకు పాకవచ్చు. గర్భిణికి రుబెల్లా వస్తే బిడ్డ చెవుడుతోనో కంటిపొరతోనో పుట్టవచ్చు. 2016లో మా ఒడిశాలోనే మల్కనగిరిలో జపనీస్ మెదడువాపు ఎంత భయపెట్టిందో ఇటువైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ టీకా కొన్ని జిల్లాల్లోనే వేస్తారు, మీ దగ్గర ఉందేమో అడగండి. ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు, మళ్లీ మొదటి నుంచి కాదు. తట్టు-రుబెల్లా టీకా ఐదేళ్ల దాకా, డీపీటీ, అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా, ఏడేళ్ల దాకా వేస్తారు. ఇంతకుముందు సూదికి ఒళ్లంతా వాచినా, ఊపిరాడకపోయినా ముందే చెప్పండి. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. తట్టు టీకాకి వారం పది రోజులకి కూడా జ్వరం రావచ్చు, కంగారుపడకండి.

మా చిన్నదానికి కుడి చేతికి ఒకటి, ఎడమ తొడకి ఒకటి పడ్డాయి. రాత్రంతా తడిగుడ్డ వేసింది అత్తమ్మే, గొణుగుతూనే. టీకాల కార్డు రెండు వైపులా ఫోటో తీసుకోండి. మాది వానలో తడిసి, పెద్దాడి తేదీలన్నీ నీలం మరకైపోయాయి.