విదేశీ పెన్షన్‌ను ఆదాయపు పన్ను రిటర్నులో చూపే విధానం

విదేశాల్లో ఉద్యోగం చేసి వచ్చి భారతదేశంలో స్థిరపడినవారు అక్కడి నుంచి అందుకునే పెన్షన్‌ను ఇక్కడి ఆదాయపు పన్ను రిటర్నులో ఎలా చూపాలో ఈ వివరణ తెలియజేస్తుంది. ఇందులో పేర్కొన్న ఫారాల సంఖ్యలు 1961 నాటి చట్టం కిందివి కనుక 2026 మార్చి 31 వరకు వచ్చిన ఆదాయానికి వర్తిస్తాయి. ఆ తర్వాతి ఆదాయానికి 2025 నాటి కొత్త చట్టం అమలవుతుంది.

మొదట తేల్చుకోవలసింది నివాస హోదా, అంటే పన్ను చట్టం దృష్టిలో భారత నివాసి (రెసిడెంటు) అవునా, కాదా (నాన్ రెసిడెంటు) అన్నది. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంటుగా ఉన్నవారు, లేదా గత ఏడేళ్లలో మొత్తం 729 రోజులకు మించి ఇక్కడ ఉండనివారు, రెసిడెంటు అయినప్పటికీ ‘నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్’ కిందకు వస్తారు. వీరికి విదేశీ ఖాతాలో జమ అయిన పెన్షన్‌పై ఇక్కడ పన్ను ఉండదు. అయితే పెన్షన్ సంస్థ నేరుగా ఇక్కడి బ్యాంకు ఖాతాకే పంపుతుంటే అది భారతదేశంలో అందిన ఆదాయమై పన్ను పరిధిలోకి వస్తుంది. అందువల్ల తిరిగి వచ్చిన తొలి సంవత్సరాల్లో, పెన్షన్ ఏ ఖాతాలో జమ కావాలన్నది ఆలోచించి నిర్ణయించుకోవాలి. పూర్తి స్థాయి రెసిడెంటు అయ్యాక మాత్రం డబ్బు ఎక్కడ జమ అయినా చూపవలసిందే.

తర్వాత ఆ దేశంతో మనకున్న ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందాన్ని చూడాలి. చాలామంది ‘అక్కడ పన్ను కోశారు కదా, ఇక్కడ తగ్గించుకుందాం’ అనుకుని ఈ మెట్టును దాటేస్తారు. అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. అమెరికాతో ఒప్పందంలోని 20వ అధికరణం ప్రకారం ప్రైవేటు పెన్షన్‌పై పన్ను నివాస దేశానికే చెందుతుంది. అక్కడి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌పై పన్ను మాత్రం అమెరికాకే చెందుతుంది. బ్రిటన్ ప్రైవేటు పెన్షన్‌పై కూడా పన్ను వేసే హక్కు నివాస దేశానిదే. ప్రభుత్వ ఉద్యోగపు పెన్షన్లకు వేరే అధికరణం ఉంటుంది. ఒప్పందం ప్రకారం అక్కడ కోయకూడని పన్నును కోసి ఉంటే, ఆదాయపు పన్ను నియమావళిలోని 128వ నిబంధన కింద ఆ అదనపు మొత్తానికి ఇక్కడ క్రెడిట్ (అక్కడి పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించుకునే వీలు) దొరకదు. దానిని ఆ దేశపు పన్ను శాఖ నుంచే రీఫండుగా అడగాలి. అందుకు కావలసిన నివాస ధ్రువీకరణ పత్రం కోసం ఫారం 10ఎఫ్‌ఏలో దరఖాస్తు చేసుకుంటే, అసెస్సింగ్ అధికారి ఫారం 10ఎఫ్‌బీలో దానిని జారీ చేస్తారు.

మొత్తాన్ని లెక్కించేటప్పుడు బ్యాంకు పాసుబుక్కులో కనిపించే రూపాయలను ఆధారంగా తీసుకోకూడదు. నెలకు 1,000 పౌండ్ల పెన్షన్‌లో 150 పౌండ్లు కోసి 850 పౌండ్లు పంపితే, చూపవలసిన ఆదాయం 1,000 పౌండ్లే. మాజీ యజమాని ఇచ్చే పెన్షన్ జీతం పద్దు కిందకు వస్తుంది కాబట్టి, చెల్లించవలసిన నెలకు ముందు నెల చివరి రోజున స్టేట్ బ్యాంకు ప్రకటించిన టీటీ బైయింగ్ రేటుతో (విదేశీ కరెన్సీని బ్యాంకు కొనే రేటు) రూపాయల్లోకి మార్చాలి. అంటే జూన్ పెన్షన్‌కు మే 31 నాటి రేటు. దీనికి స్టాండర్డ్ డిడక్షన్ (జీతం, పెన్షన్ల నుంచి తగ్గించే స్థిర మొత్తం) కూడా వర్తిస్తుంది. ఫ్యామిలీ పెన్షన్ అయితే ఇతర ఆదాయాల పద్దులో చూపాలి. విదేశీ ఏజెన్సీలు జనవరి నుంచి డిసెంబరు వరకు ఇచ్చే వార్షిక పత్రం మన ఏప్రిల్-మార్చి సంవత్సరానికి సరిపోదు గనుక నెలవారీ చెల్లింపుల వివరం తెప్పించుకోవడం అవసరం.

విదేశీ ఆదాయం లేదా ఆస్తి ఉన్న రెసిడెంట్లు ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారాన్ని వాడకూడదు. ఐటీఆర్-2, వ్యాపార ఆదాయం ఉంటే ఐటీఆర్-3 దాఖలు చేయాలి. పెన్షన్‌ను సంబంధిత పద్దులో చూపిన తర్వాత రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్‌ఎస్‌ఐలో (విదేశీ ఆదాయాల పట్టిక) దేశం కోడ్, ఆ దేశపు పన్ను గుర్తింపు సంఖ్య, ఆదాయం, అక్కడ కట్టిన పన్ను, వర్తించే అధికరణం నింపాలి. గుర్తింపు సంఖ్య లేకపోతే పాస్‌పోర్టు సంఖ్య ఇవ్వవచ్చు. ఉపశమనం, అంటే క్రెడిట్ మొత్తాన్ని షెడ్యూల్ టీఆర్‌లో (పన్ను ఉపశమన పట్టిక) చూపాలి. అక్కడి పన్ను, అదే ఆదాయంపై ఇక్కడి పన్ను, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే అది లభిస్తుంది. ఒప్పందం వల్ల ఇక్కడ పన్ను పడని పెన్షన్‌ను సైతం వదిలేయకుండా షెడ్యూల్ ఈఐలో (పన్ను పడని ఆదాయాల పట్టిక) నమోదు చేయాలి.

క్రెడిట్ కోరేవారు ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఫారం 67ను, పన్ను కట్టిన ఆధారంతో కలిపి సమర్పించాలి. రిటర్నును గడువులోగా వేసినవారికి అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి ఏడాది) ముగిసేవరకు దీనికి సమయం ఉన్నా, రిటర్ను కంటే ముందే వేయడం మేలు. లేకుంటే ప్రాసెసింగులో క్రెడిట్ తిరస్కరించి, ఆ పన్ను కట్టమని డిమాండు పంపే అవకాశం ఉంటుంది.

అమెరికా, బ్రిటన్, కెనడాలలోని రిటైర్మెంట్ ఖాతాలలో ఏటా పెరిగే ఆదాయంపై పన్నును, డబ్బు తీసుకునేటప్పుడే కట్టేందుకు 89ఏ సెక్షను వీలు కల్పిస్తుంది. ఇందుకు రిటర్ను గడువు తేదీలోగా ఫారం 10-ఈఈ వేయాలి; ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోలేరు.

పూర్తి స్థాయి రెసిడెంట్లు విదేశీ బ్యాంకు, రిటైర్మెంట్ ఖాతాలను షెడ్యూల్ ఎఫ్‌ఏలో (విదేశీ ఆస్తుల పట్టిక) విడిగా, క్యాలెండరు సంవత్సరం ప్రకారం వెల్లడించాలి. వెల్లడించకపోతే నల్లధనం చట్టం కింద రూ.10 లక్షల జరిమానాకు ఆస్కారం ఉంది. స్థిరాస్తి కాని ఆస్తుల మొత్తం విలువ రూ.20 లక్షలు మించనివారికి 2024 అక్టోబరు 1 నుంచి ఈ జరిమానా మినహాయించారు, వెల్లడించే బాధ్యత మాత్రం అలాగే ఉంది. రిటర్ను సమర్పించిన 30 రోజుల్లోగా ఈ-వెరిఫికేషన్ చేస్తేనే దాఖలు పూర్తవుతుంది.