చక్ క్లోజ్ పద్ధతిలో గళ్లు గీసి ముఖం దించడం ఎలా

ఫొటో చూసి ఎంత గీసినా పోలిక రావట్లేదా? అయితే కళ్లు, ముక్కు గీస్తున్నానన్న ఆలోచనే మానేయండి. అమెరికన్ పెయింటర్ చక్ క్లోజ్ (1940–2021) చేసింది అదే. ఆయనకు మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు, కానీ అదే ముఖం ఫొటోలో చదునుగా కనిపిస్తే మనసులో నిలిచేదట, అందుకేనేమో జీవితమంతా ముఖాలే వేశాడు.

యేల్ యూనివర్సిటీలో చదివేటప్పుడు ఆయన మీద నైరూప్య చిత్రకారుడు డి కూనింగ్ ప్రభావం బాగా ఉండేది. దాన్నుంచి బయటపడటానికి అలవాటైన కుంచెనీ రంగులనీ పక్కన పెట్టేసి, ఎయిర్‌బ్రష్షూ (గాలితో రంగు చిమ్మే పరికరం) పల్చటి నల్ల ఆక్రిలిక్ రంగూ పట్టుకున్నాడు, ఆ తెగింపు నాకు చాలా ఇష్టం. 1967-68లో వేసిన దాదాపు 9 అడుగుల 'బిగ్ సెల్ఫ్ పోర్ట్రెయిట్' అలా వచ్చిందే. అందులో కనిపించే తెలుపంతా కాన్వాసుదే.

మీరూ నలుపుతోనే మొదలుపెట్టండి. పక్క నుంచి వెలుతురు పడిన ఫొటోని ఎ4 సైజులో ప్రింట్ తీసి సెంటీమీటరు గళ్లు గీయండి, ఫుల్ ఇంపీరియల్ షీట్ (22×30 అంగుళాల డ్రాయింగ్ కాగితం) మీద రెండున్నర సెంటీమీటర్ల గళ్లు, హెచ్‌బీ పెన్సిల్‌తో, కాగితం మీద గాడి పడకుండా. మన సినిమా బేనర్ ఆర్టిస్టులు బొమ్మని పెద్దది చేసిందీ ఇలా గళ్లతోనే.

తర్వాత అట్టముక్కకి ఒక్క గడి అంత కంత కోసి ఫొటో మీద పెట్టండి. కనిపించేది రెప్పా గడ్డమా అని చూడొద్దు, నలుపు ఎంత ఉంది, ఏ అంచు దగ్గర ఆగింది, అంతే చూసి కాగితం మీది అదే గడిలో నింపండి. కంటి దగ్గరే చాలామంది తప్పుతారు: తెల్లగుడ్డు నిజానికి తెల్లగా ఉండదు, పై రెప్ప నీడ పడి బూడిద రంగులో ఉంటుంది, కాగితం తెల్లగా వదలాల్సింది నల్లగుడ్డు మీద మెరిసే చుక్క దగ్గరే. గడి నింపే ముందే దాని గీతల్ని మెత్తటి రబ్బరుతో లేత చేసుకోండి, షేడింగ్ అయ్యాక అవి పోవు.

ప్రతి వెంట్రుకా పదునుగా గీయకండి. కళ్ల మీద ఫోకస్ ఉంటే చెవులు మసకబారతాయి, క్లోజ్ ఆ మసకని కూడా ఉన్నదున్నట్టు వేశాడు.

1988లో వెన్నులో రక్తనాళం దెబ్బతిని పక్షవాతం వచ్చాక, చేతికి కుంచె కట్టించుకుని, గళ్లు కనిపించేలానే వాటిలో రంగుల వలయాలు నింపుతూ ఆయన వేసిన ముఖాలు తప్పక చూడండి. మీ రెండో బొమ్మలో గీతలు చెరపకుండా, గడికి రెండు మూడు రంగులే వేసి, గదికి అవతలి గోడ దగ్గర నిలబడి చూసుకోండి.